చిన్నాయన ఇంటి టీవీలో రాణి

ఆ రాణి సీరియల్ అంటే నాకు ఇప్పటికీ గిట్టదు. ఎనభైల మధ్యలో, ఆదివారం పొద్దున, ఢిల్లీ నుంచి హిందీలో వచ్చేది. ఒక చిన్న రాజ్యం. రాజు ఉన్నట్టుండి చనిపోతాడు. మగపిల్లలు లేరు. ఇంకా ఆటలు కూడా మానని కూతుర్ని గద్దె మీద కూర్చోబెడతారు. పినతండ్రి, మంత్రులు, సేనాపతి ఆమె చుట్టూ చేరి తలా ఒక మాట చెబుతుంటారు. ఆ పిల్ల తొలినాళ్ల పాలన ఎలా సాగిందన్నదే కథంతా. పట్టుబట్టలు తళతళలాడేవి. కిరీటం అట్టతో చేసిందని దూరం నుంచే తెలిసిపోయేది. రాణి ప్రతి వారం ఒకసారి కచ్చితంగా కిటికీ దగ్గర నిలబడి ఏడ్చేదట.

చిత్తూరులో మా వీధికంతా టీవీ ఉన్నది మా చిన్నాయన ఇంట్లో మాత్రమే. మద్రాసు వైపు తిప్పిన పొడవాటి ఏంటెన్నా, చెక్క తలుపులు పక్కలకు జరిగే పెద్ద పెట్టె. ఆదివారం పొద్దునకల్లా వీధిలోని ఆడవాళ్లందరూ పిల్లల్ని చంకనేసుకుని అక్కడ చేరేవాళ్లు.

మా నాయన పోయింది కూడా ఆ ఏడాదే. నేను ఒక్కతే కూతుర్ని, అప్పటికి నాకు ఇరవై ఏళ్లు. ఇక చెప్పేదేముంది, సీరియల్ చూసిన ప్రతివాళ్లకూ నేను గుర్తుకొచ్చేదాన్ని. నన్ను రాణెమ్మ అని పిలవడం మొదలుపెట్టారు. ప్రేమతో కాదు. నేను వీధిలో నడిచిపోతుంటే వెనక నుంచి ఎవరో ఒకరు ఆ మాట అనడం, మిగతావాళ్లు నవ్వు దాచుకోవడం.

మాది బెల్లం మండీ. పూతలపట్టు, ఐరాల వైపు రైతులు చెరకు గానుగాడించి, బెల్లం వండి, బండ్ల మీద తెచ్చి మా దగ్గర దించేవాళ్లు. వేలూరు, గుడియాత్తం నుంచి వచ్చే వ్యాపారులకు మేము దాన్ని అమ్మిపెట్టి కమీషన్ తీసుకునేవాళ్లం. లైసెన్సు నాయన పేరు మీద ఉండేది. చిన్నాయన నాయన కంటే చాలా చిన్నవాడు. ఆయన చేసిన వ్యాపారాలు రెండు మూడు దెబ్బతిన్నాక నాయనే మండీలోకి తెచ్చి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. గద్దె మీద నాయన, బేరాల దగ్గర చిన్నాయన.

ఆ బేరం ఎలా జరిగేదో చెప్పాలి. నోటితో ధర చెప్పేవాళ్లు కాదు. చిన్నాయన కుడిచేతి మీద తుండుగుడ్డ కప్పుకుని నిలబడేవాడు. వ్యాపారి వచ్చి ఆ గుడ్డ కింద చెయ్యి పెట్టి చిన్నాయన వేళ్లు పట్టుకుని నొక్కేవాడు. ఏ వేలు, ఎన్ని వేళ్లు, ఎలా నొక్కాడు, దాన్ని బట్టి ధర. ఇంకొకడు వచ్చి నొక్కేవాడు. అలా అందరూ అయ్యాక చిన్నాయన ఒకరి వైపు తల ఊపేవాడు. బేరం అయిపోయేది. సరుకు తెచ్చిన రైతు ఆ పక్కనే నిలబడి గుడ్డ కదలడం చూస్తూ ఉండేవాడు. ఎవరు ఎంత అన్నారో అతనికి ఎప్పటికీ తెలిసేది కాదు.

నాయన పోయినరోజు నేను తిరుపతిలో ఉన్నాను, కాలేజీ హాస్టల్లో. మండీలో నాయన ఛాతీ పట్టేసినట్టుందని సోడా తెమ్మన్నాడట. సోడా వచ్చేసరికి దిండు మీదికి ఒరిగిపోయి ఉన్నాడు. నన్ను తీసుకురావడానికి మా గుమాస్తా వచ్చాడు. నాయనకు ఒంట్లో బాగాలేదని మాత్రమే అన్నాడు. బస్సు పూతలపట్టు దాటాక, ఇక ఊళ్లో దిగబోతున్నామనగా అసలు సంగతి చెప్పాడు. బస్సులో అందరి ముందూ ఏడవాల్సి వచ్చింది. ఆ గుమాస్తాను నేను చాలా ఏళ్లు క్షమించలేదు.

నాయన మీద కూడా నాకు కోపమే ఉండేది. చిన్నప్పుడు బడి అయిపోగానే మండీకి వెళ్లి ఆయన పక్కన కూర్చునేదాన్ని. బెల్లం గడ్డ పగలగొట్టి, లోపలి రంగు చూసి, కొంచెం నోట్లో వేసుకుని అది ఏ వైపు నేలలో పండిన చెరకో చెప్పేవాడు. నేను పెద్దమనిషినయ్యాక ఇక మండీకి రావద్దన్నాడు. ఎందుకని అడిగితే ఆడపిల్లకు ఈ దుమ్ము ఎందుకన్నాడు. అంత ప్రేమగా నేర్పినవాడు అంత తేలిగ్గా ఎలా ఆపేశాడో నాకు అర్థం కాలేదు.

దినాలు అయిన మర్నాడు నాయన కళ్లజోడు, చెప్పులు మండీలోనే ఉండిపోయాయని గుర్తొచ్చి తెచ్చుకుందామని వెళ్లాను. చిన్నాయన వేలూరు వెళ్లి ఉన్నాడు. వెళుతూ వెళుతూ, మాకు వచ్చే బండ్లన్నిటినీ కొన్నాళ్లపాటు పక్క మండీకి పంపించమని హమాలీలకు చెప్పాడట. లైసెన్సు తన పేరు మీదికి వచ్చేదాకా ఇలా నడిపిద్దామని పక్క మండీ ఆయనతో మాట్లాడుకున్నాడట. ఆ మాట ఇంట్లో నాకు గానీ అమ్మకు గానీ ఎవరూ చెప్పలేదు.

నేను వెళ్లేసరికి గుమ్మం ముందు ఐరాల వైపు నుంచి వచ్చిన రైతు ఒకాయన బండి ఆపుకుని ఉన్నాడు. ముసలాయన. ఏళ్ల తరబడి నాయన దగ్గరికే సరుకు తెచ్చేవాడు. పక్క మండీకి పొమ్మంటే కదలకుండా అక్కడే నిలబడి ఉన్నాడు. నన్ను చూసి నాయన సంగతి తలుచుకుని కాసేపు బాధపడ్డాడు. ఆ తర్వాత, "మరి సరుకు యాడ దించల్ల పాపా?" అన్నాడు.

ఈడే దించండి అన్నాను.

ఆ మాట నేను ఆలోచించి అన్నది కాదు. నాయన గుమ్మం ముందు నిలబడ్డ బండిని ఇంకొకరి గుమ్మానికి ఎలా పంపిస్తాను? హమాలీలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వాళ్లలో పెద్దాయన నోట్లోని ఆకువక్క ఉమ్మేసి, వెళ్లి బండి మీది తాడు విప్పాడు. మిగతావాళ్లు కదిలారు.

సాయంత్రం చిన్నాయన వేలూరు నుంచి నేరుగా మా ఇంటికి వచ్చాడు. చెప్పులు కూడా విప్పలేదు. సరుకు ఎవరు దించమన్నారని అడిగాడు. నేనే అన్నాను. ఆయన అరవలేదు. నవ్వాడు. ఆ నవ్వే నాకు ఎక్కువ మండింది.

"దించితే సరిపోతాదా పాపా? రేపు బేరం ఎవురు చేస్తారు? తుండుగుడ్డ కింద పరాయి మొగోళ్ల చెయ్యి పట్టుకుని కూసుంటావా?"

అమ్మ లోపలి గదిలో ఉంది. ఆమెకు ప్రతి మాటా వినబడింది. బయటికి రాలేదు.

మర్నాడు నేను మండీ తెరిచాను. గద్దె మీద కూర్చోలేదు, గద్దె పక్కన నిలబడ్డాను. వ్యాపారులు వచ్చారు. ఎవరి ధర వాళ్లు నోటితో చెప్పండి, అందరికీ వినబడేలా చెప్పండి అన్నాను. గుడియాత్తం నుంచి వచ్చే పెద్ద వ్యాపారి ఒకాయన ఉండేవాడు, బంగారు ఉంగరాలు, మెడలో జరీ కండువా. ఆయన సగం అరవం కలిపి మాట్లాడేవాడు. ఇది కాయగూరల అంగడి కాదు పాపా, నోరు పెంచి అరిచేదానికి, అన్నాడు. మిగతావాళ్లు నవ్వారు. చిన్నాయన ఎదురుగా టీ అంగడి బల్ల మీద కూర్చుని అంతా చూస్తున్నాడు. వ్యాపారులు ఒక్కొక్కరే వెళ్లి ఆయన పక్కన చేరారు.

ఆ రోజు సరుకు అమ్ముడుపోలేదు. ఆ తర్వాతి రోజు కూడా పోలేదు. మబ్బు పట్టి గాలిలో తేమ పెరిగింది. బెల్లం చెమర్చడం మొదలుపెట్టింది. గోనెలు తడిసి నల్లబడ్డాయి. ఐరాల రైతు మండీ అరుగు మీదే పడుకుని, పొద్దునే లేచి, ఇంకేమీ అడగకుండా నా ముఖం చూసేవాడు. ఆయన తిట్టి ఉంటే నాకు సులువుగా ఉండేది.

చివరికి నగరి నుంచి బస్సులో వచ్చే ఒక చిన్న వ్యాపారి కొన్నాడు. మగ్గాల వీధుల్లోని అంగళ్లకు బెల్లం వేసేవాడు. తక్కువ సరుకు కొంటాడని గుడ్డ కింద చెయ్యి పెట్టడానికి అతనికి ఎప్పుడూ వంతు రానిచ్చేవాళ్లు కాదు. నోటితో చెప్పమన్నానని తెలిసి వచ్చాడు. బెల్లం పగలగొట్టి చూసి, పక్కన రైతు వింటుండగా ధర చెప్పాడు. రైతు ఇంకొంచెం అడిగాడు. అతను ఇంకొంచెం పెంచాడు. నా మండీలో జరిగిన మొదటి బేరం అదే. డబ్బు తీసుకుని వెళుతూ ఆ రైతు నాకు చేతులెత్తి దండం పెట్టలేదు, కన్నీళ్లు పెట్టలేదు. వచ్చే బండి కూడా ఈడికే తెస్తానన్నాడు, అంతే.

ఆ మాట ఊళ్లలో పాకింది. రైతులు ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. పెద్ద వ్యాపారులు రాలేదు. చిన్నవాళ్లు వచ్చారు. మండీ ఈడ్చుకుంటూ నడిచింది. రాణెమ్మ అన్న పేరు వీధి దాటి మార్కెట్టంతా తెలిసిపోయింది.

లైసెన్సు సంగతి మాత్రం తేలలేదు, అప్పటికి నాయన లైసెన్సు మీదే నడుస్తోంది. నాయన పేరు మీద ఉన్నది ఎవరి పేరు మీదికి మారాలన్నా అమ్మ ఒప్పుకోవాలి. మార్కెట్ ఆఫీసుకు వచ్చి, అధికారి ముందు ఫలానా వాళ్లకు ఇస్తున్నానని ఆమె నోటితో చెప్పి సంతకం చెయ్యాలి. చిన్నాయనకు అది బాగా తెలుసు. అందుకే నాతో గొడవ పెట్టుకోవడం మానేసి అమ్మ మీద పడ్డాడు. తాను నేరుగా కాదు, చిన్నమ్మ చేత చెప్పించాడు.

అమ్మ పరిస్థితి చెప్పాలి. నాయన పోయాక ఆమె ఇంట్లో నుంచి బయటికి వెళ్లడం లేదు. ఏడాది తిరిగేదాకా ఎవరింటికీ వెళ్లకూడదనే ఆచారం. వచ్చిపోయే ఆడవాళ్లు కూడా తగ్గిపోయారు. నేను తెల్లవారితే మండీలో ఉండేదాన్ని. వచ్చాక ఒళ్లు తెలియకుండా పడుకునేదాన్ని. రోజంతా ఆమెతో మాట్లాడే మనిషి లేదు. మా ఇంటికీ చిన్నాయన ఇంటికీ మధ్య పెరట్లో ఒక తలుపు ఉండేది. వీధిలోకి వస్తే తప్పు గానీ పెరట్లో నుంచి వస్తే తప్పేముంది అక్కా అని, చిన్నమ్మ ప్రతి ఆదివారం ఆ తలుపు తీసి అమ్మను టీవీ ముందుకు తీసుకెళ్లేది.

అమ్మకు హిందీ ఒక్క ముక్క రాదు. ఆ గదిలో కూర్చున్న ఆడవాళ్లలో ఎవరికీ రాదు. చిన్నమ్మ మాత్రం పెళ్లికి ముందు ఏవో హిందీ పరీక్షలు పాసయింది. ఆ పరీక్షల గురించి వినని మనిషి మా బంధువుల్లో లేడు. ఆమె టీవీకి దగ్గరగా కుర్చీ వేసుకుని, రాణి ఒక మాట అనగానే ఆపి తెలుగులో చెప్పేది. వీధంతా ఆ కథను విన్నది రాణి నోట కాదు, చిన్నమ్మ నోట.

అమ్మ ఇంటికి వచ్చి ఆ వారం కథ నాకు చెప్పేది. నాయన పోయాక ఆమె నోరు తెరిచి నాలుగు మాటలు వరసగా మాట్లాడింది దాని గురించే. ఆ పిల్ల ఎంత అణకువో చెప్పేది. పినతండ్రి ఎంత మంచివాడో, రాజ్యమంతా తన నెత్తి మీద వేసుకుని ఎలా మోస్తున్నాడో, ఆ పిల్ల ఎలా ఆయన కాళ్లకు మొక్కి అంతా మీరే చూసుకోండి అని పూజగదిలోకి వెళ్లిపోయిందో చెప్పేది. చెప్పి, నువ్వు కూడా చిన్నాయన మాట వినరాదా అనేది. ఒక వారం ఇంకొంచెం ముందుకు వెళ్లి, సత్యవేడులో చిన్నమ్మ తమ్ముడు ఉన్నాడు, పొలం ఉంది, ఈ దుమ్ములో పడి నల్లబడేకంటే అక్కడికి వెళ్లి సుఖంగా ఉండొచ్చు అంది. ఆ మాట ఎవరిదో నాకు తెలిసిపోయింది.

అప్పటిదాకా నేను ఆ సీరియల్ చూడలేదు. చూడకుండానే ఆ రాణిని అసహ్యించుకున్నాను. గద్దె మీద కూర్చోబెడితే పూజగదిలోకి పారిపోయే మనిషితో నన్ను పోల్చి నవ్వుతున్నారని మరీ మండేది.

ఒక శనివారం గుమాస్తా మండీలో నా దగ్గరికి వచ్చి, చిన్నాయన సోమవారం అమ్మను మార్కెట్ ఆఫీసుకు తీసుకెళ్లడానికి జట్కా మాట్లాడుకున్నాడని చెప్పాడు. అమ్మ ఒప్పుకుందట. ఆ రోజు ఇంటికి వెళ్లి అమ్మను అడగలేకపోయాను. అడిగితే అవునంటుందేమోనని భయం. మర్నాడు పొద్దున ఆమె పెరటి తలుపు తీసుకుని వెళ్లిపోయాక నేనూ లేచి ఆ తలుపులో నుంచే చిన్నాయన ఇంట్లోకి వెళ్లాను.

గది నిండా జనం. అమ్మ గోడకు ఆనుకుని చాప మీద కూర్చుని ఉంది. చిన్నాయన పక్కన వాలుకుర్చీలో ఉన్నాడు. నన్ను చూసి ఎవరూ జరగలేదు. గడప దగ్గరే నిలబడ్డాను. తెర మీద కొలువు నడుస్తోంది. పినతండ్రి వెండి పళ్లెంలో కాగితం పెట్టుకుని రాణి ముందుకు వచ్చాడు. ముద్ర వెయ్యమని అడుగుతున్నాడు. నేను బడిలోనూ కాలేజీలోనూ హిందీ చదువుకున్నదాన్ని. రాణి చాలా నెమ్మదిగా, స్పష్టంగా అంది: నా ముద్ర నా చేతిలోనే ఉంటుంది, మీరు వెళ్లవచ్చు.

చిన్నమ్మ వెనక్కి తిరిగి అమ్మ వైపు చూసి, "నాకు చేత కాదు, అంతా మీరే చూసుకోండి అంటా ఉండాది, పాపం" అంది.

నేనే తప్పుగా విన్నానేమో అనుకున్నాను. పినతండ్రి ఇంకా ఏదో అన్నాడు. ఈసారి రాణి గద్దె మీంచి లేచింది. మా నాన్న ప్రాణం పోతుంటే మీరు ఎక్కడున్నారు అని అడిగింది. ఆ మాటలు ఒక్కొక్కటీ విడివిడిగా వినబడ్డాయి.

నాయన పోయినాక నాకు మీరే నాయన అంటా ఉండాదని చిన్నమ్మ చెప్పింది. గదిలో ఆడవాళ్లు అయ్యో అన్నారు. అమ్మ పైటకొంగుతో కళ్లు ఒత్తుకుంది.

అన్ని వారాలుగా జరుగుతున్నది నాకు అప్పుడు తెలిసింది. గడప దగ్గర నుంచే, టీవీ మాటలను మించి వినబడేలా అన్నాను.

"ఆ పిల్ల అట్ల అనల్యా చిన్నమ్మా. మా నాయన సచ్చిపోతా ఉంటే నువ్వు యాడుండావు అని అడగతా ఉండాది. ముద్ర నా చేతిలోనే ఉంటాది, నువ్వు పో అనింది దానికి ముందర. నువ్వు పాసైన పరీక్షల్లో దీన్నే అట్ల చెప్పినారా?"

తెర మీద రాణి మాట్లాడుతూనే ఉంది. ముందు వరసలో కూర్చున్న ఎదురింటి అమ్మాయి, హైస్కూల్లో చదివేది, తల తిప్పకుండానే అక్క చెప్పిందే నిజం అంది. వాళ్లమ్మ దాని వీపు మీద ఒకటి వేసింది.

చిన్నమ్మ ముఖం ఎర్రబడింది. మండీలో గోనెలు లెక్కపెట్టుకునేదానికి హిందీ ఏం తెలుస్తుందంది. చిన్నాయన కుర్చీలో నుంచి లేచి వెళ్లి, రాణి ఇంకా మాట్లాడుతుండగానే టీవీ ఆపేసి చెక్క తలుపులు దగ్గరికి లాగేశాడు. ఇది నా ఇల్లు, ఇది నా టీవీ, పొండి అన్నాడు.

ఎవరూ ఆయన్ని ఏమీ అనలేదు. అందరూ నన్ను చూశారు. సగంలో కథ పాడుచేసింది నేనే గదా. పిల్లల్ని చంకనేసుకుని నన్ను రాసుకుంటూ బయటికి వెళ్లారు. ఒకావిడ రాణెమ్మకు ఇప్పుడు కడుపు నిండిందా అంది. అమ్మ అందరికంటే చివర లేచింది. నా వైపు చూడకుండా, చిన్నమ్మ వైపు కూడా చూడకుండా పెరటి తలుపులో నుంచి వెళ్లిపోయింది.

ఆమె నన్ను దగ్గరికి తీసుకుంటుందని అనుకుంటూ ఇంట్లోకి వెళ్లాను. ఆమె వంటింట్లో పీట మీద కూర్చుని ఉంది. నన్ను చూడగానే మొదలుపెట్టింది.

"వారమంతా ఎదురుసూసేది ఆ గంట కోసమే. నాలుగు ముఖాలు కనబడేది ఆ గంటలోనే. నువ్వు మండీకి పోతావు, నీకు అంగడి ఉండాది, మనుషులుండారు. నాకేముండాది ఈ ఇంట్లో? దాన్ని గూడా తీసేసినావు."

వాళ్లు నీకు అబద్ధాలు చెప్పి సంతకం పెట్టించుకోవాలని చూస్తే నీకు కోపం రాలేదా అని అడిగాను. వచ్చిందంది. వాళ్ల మీదా వచ్చింది, నీ మీదా వచ్చిందంది. ఇంక ఆ రోజు నాతో మాట్లాడలేదు. అన్నం పెట్టలేదు, తాను తినలేదు. నాకూ మొండితనమే. బతిమాలలేదు. సోమవారం ఏం చేస్తుందో అడగలేదు.

సోమవారం పొద్దున జట్కా వచ్చింది. అమ్మ తెల్లచీర కట్టుకుని వెళ్లి ఎక్కింది. చిన్నాయన ముందు కూర్చున్నాడు. ఆయన ముఖం ప్రశాంతంగా ఉంది. టీవీ దగ్గర జరిగిన గొడవ తనకే మేలు చేసిందని, తల్లీ కూతుళ్లకు పడలేదని ఆయనకు అప్పటికే తెలిసి ఉంటుంది. నేను వెనక నడుచుకుంటూ వెళ్లాను.

ఆఫీసులో అధికారి పెద్దమనిషి. అమ్మను కూర్చోమని, లైసెన్సు ఎవరి పేరు మీదికి మార్చడానికి మీకు ఇష్టమో మీరే చెప్పాలమ్మా అన్నాడు. చిన్నాయన కండువా సర్దుకున్నాడు. అమ్మ బల్ల వైపు చూస్తూ, నా బిడ్డ పేరు మింద రాయండి అంది.

చిన్నాయన ఒక్కసారిగా ముందుకు వంగి, వదినా, ఏం మాట్లాడతా ఉండావు అన్నాడు. అమ్మ అప్పుడు తల ఎత్తి ఆయన్ని చూసింది. నాయన పోయాక ఆమె ఆయన ముఖంలోకి చూడడం అదే మొదలు.

"నేను ఏమన్నానో నీ పెండ్లాం వచ్చి తెలుగులో సెప్పల్నా?"

చిన్నాయన లేచి వెళ్లిపోయాడు. అమ్మ సంతకం చేసింది, పక్కన నేను చేశాను. జట్కా చిన్నాయనతో వెళ్లిపోయింది కాబట్టి ఇద్దరం నడుచుకుంటూ ఇంటికి వచ్చాం. గాంధీ బొమ్మ దాకా వచ్చాక నేను ఆమె చెయ్యి పట్టుకోబోయాను. విదిలించుకుంది.

"నీ మింద ప్రేమ పొంగిపోయి ఇయ్యల్యా. మీ నాయన కూసున్న సోట ఈయప్ప కూసుంటే సూడలేక ఇచ్చినా. నువ్వు ఎట్లన్నా సావు ఆడ" అంది.

ఆ మాటకు నేను బాధపడ్డానని చెప్పాలి. కానీ దాని కింద ఏదో గట్టి నేల తగిలినట్టు కూడా ఉండింది. మా అమ్మ ఇంత సూటిగా మాట్లాడగలదని నాకు అప్పటిదాకా తెలియదు.

ఆ వారంలోనే చిన్నాయన పెరటి తలుపు తీయించి ఇటుకలతో గోడ కట్టించాడు. ఇంకో నెలకు మా మండీకి సరిగ్గా ఎదురుగా సొంత మండీ పెట్టాడు. గుడియాత్తం వ్యాపారి రిబ్బను కత్తిరించాడు. ఆయన గుమ్మంలో తుండుగుడ్డ, నా గుమ్మంలో నోటిమాట. బండ్లు వచ్చి వీధి మధ్యలో ఆగేవి. చిన్నాయన మనుషులు ఒకవైపు నుంచి, నా మనుషులు ఇంకోవైపు నుంచి ఎద్దుల పగ్గాలు పట్టుకునేవాళ్లు. ఒకసారి రెండు పక్కలా హమాలీలు కలబడి తలలు పగలగొట్టుకున్నారు. నాకు పెద్దగా విచారం కలగలేదు.

అన్యాయం తలపెట్టినవాళ్లు చెడిపోవాలని వినేవాళ్లకు ఉంటుంది. చిన్నాయన చెడిపోలేదు. పెద్ద సరుకు, పెద్ద వ్యాపారులు ఆయనకే ఉండిపోయారు. ఆయన మేడ మీద మేడ కట్టాడు. నేను చిన్న రైతులతో, చిన్న వ్యాపారులతో నడిపించాను. నష్టం వచ్చిన ఏళ్లూ ఉన్నాయి, తట్టుకున్న ఏళ్లూ ఉన్నాయి. మధ్యలో పెళ్లి చేసుకున్నాను. ఆయన వడమాలపేటలో బడిపంతులు. బెల్లం గురించి ఒక్క సలహా కూడా ఇవ్వనని పెళ్లికి ముందే ఒప్పుకున్నాడు. ఆ మాట మీదే నిలబడ్డాడు.

ఆ సీరియల్ ఆ తర్వాత కూడా చాలా వారాలు నడిచింది. అమ్మకు చూడడానికి చోటు లేదు. ఎదురింటి అమ్మాయి మాత్రం వాళ్లమ్మకు తెలియకుండా సోమవారం సాయంత్రాలు వచ్చి అమ్మకు కథ చెప్పి వెళ్లేది. చివరి వారం ఏమైందని అడిగితే, రాణి సేనాపతిని పెళ్లి చేసుకుని, ఆయన్ని గద్దె మీద కూర్చోబెట్టి, తాను పక్కన పూలదండ పట్టుకుని నిలబడిందని చెప్పింది. నేను ఆ పక్కనే ఉన్నాను. అమ్మ, దీనికా నేను అన్నేసి వారాలు ఏడ్చింది అని లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆమె, నేను ఒకే మాట మీద నిలబడిన సందర్భాలు మా జీవితంలో తక్కువ. అది ఒకటి.

అమ్మ నాతో మామూలుగా మాట్లాడడానికి ఏడాది పైనే పట్టింది. ఎప్పటికీ పూర్తిగా మామూలు కాలేదు. బాగా నడిచిన రోజు మండీ సంగతి చెబితే విననట్టు ఉండేది. నష్టం వచ్చిందని తెలిస్తే మాత్రం, ఎదురుగా చిన్నాయనకు ఎంత వచ్చిందని అడిగేది.

చిన్నాయన 1990 రాకముందే పోయాడు. నిద్రలోనే పోయాడన్నారు. నేను వెళ్లనన్నాను. అమ్మ వెళ్లి తీరాలంది. నీ కోసం కాదు, మీ నాయన తోడబుట్టినోడు అంది. వెళ్లాను. చిన్నమ్మ నన్ను చూసి ముఖం గోడ వైపు తిప్పుకుంది. ఎవరూ కూర్చోమనలేదు. నేనూ ఎదురుచూడలేదు. శవం పక్కన నిలబడి ఆయన చేతులు చూశాను. నాయన చేతుల్లాగే ఉన్నాయి, అవే పొట్టి వేళ్లు. ఏడుపు వస్తుందేమో అనుకున్నాను. రాలేదు. శవం లేచేదాకా ఉండి, ఇంటికి వచ్చి తలస్నానం చేసి, మధ్యాహ్నం మండీ తెరిచాను. రోడ్డుకు అవతల చిన్నాయన మండీ మూసి ఉంది. ఆయన దగ్గరికి వచ్చిన బండ్లు బయట నిలబడి ఉన్నాయి. వాటిని కూడా మా గుమ్మం ముందే దించుకోమన్నాను.